రాజు మింగిన నాణేలు, వేలంశాలలో వెక్కిరింత

1831 డిసెంబరులో పారిస్‌లో అచ్చయిన ఒక లిథోగ్రాఫ్, 2006లో లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి బయటికొచ్చిన ఒక స్క్రీన్ ప్రింట్. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది ఫ్రెంచి వ్యంగ్యచిత్రకారుడు ఒనోరె దోమియె గీసిన ‘గార్గాంచువా’. రెండోది అజ్ఞాత వీధిచిత్రకారుడు బ్యాంక్సీ ‘మోరాన్స్’, అంటే మూర్ఖులు. రెండూ వ్యంగ్య చిత్రాలే. రెండూ ఒక్క ప్రతిగా కాక, పదుగురి చేతుల్లోకి వెళ్లడానికి పుట్టిన అచ్చు బొమ్మలే. రెంటిలోనూ కథావస్తువు డబ్బే. మొదటి బొమ్మను ప్రభుత్వం లాక్కుంది, గీసినవాడిని జైల్లో పెట్టింది. రెండో బొమ్మను అది ఎవరిని తిట్టిందో వాళ్లే పోటీపడి కొన్నారు.

ఒక వ్యంగ్య చిత్రం విలువ ఎంత అన్న ప్రశ్నకు వేలం పట్టికలో ఒక జవాబు దొరుకుతుంది. ఆ జవాబు అబద్ధం కాదు, కానీ అరకొర జవాబు. ఆ బొమ్మ ఎవరికి తగిలింది, తగిలినవాడు ఏం చేశాడు, అందుకు మూల్యం ఎవరు చెల్లించారు అన్నవి కూడా విలువలో భాగమే. ఈ మూడూ కలిపి లెక్క వేస్తేనే అర్థానికీ ధరకూ ఉన్న సంబంధం తేలుతుంది.

బొమ్మల్లో ఏముంది

‘గార్గాంచువా’ పేరు ఫ్రెంచి రచయిత రబ్లే సృష్టించిన తిండిపోతు రాక్షసుడిది. దోమియె బొమ్మలో ఆ రాక్షసుడు ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్. అడుగున వెడల్పు, పైన సన్నం అయిన తల. ఆ తలను బేరిపండుగా గీయడం అప్పుడప్పుడే పారిస్ వ్యంగ్యచిత్రకారులకు అలవాటవుతోంది. రాజు కూర్చున్న సింహాసనం నిజానికి మరుగుదొడ్డి పీట. అతని నోట్లోంచి నేల దాకా ఒక పొడవాటి బల్ల నాలుకలా వాలి ఉంటుంది. దాని మీదుగా చీమంత మనుషులు నాణేల గంపలు వీపున మోసుకుంటూ పైకెక్కి రాజు నోట్లో గుమ్మరిస్తారు. బల్ల మొదట్లో చిరుగుబట్టల జనం ఉన్న కాస్తా గంపలో వేస్తుంటారు. ఆ గుంపులో ఒంట్లో సత్తువ లేనివాళ్లున్నారు, చంకన బిడ్డతో ఉన్న తల్లి ఉంది. గంపల్లోంచి జారిపడ్డ నాణేలను ఏరుకోవడానికి కొందరు పెద్దమనుషులు బల్ల కింద చేరారు. ఇక పీట కింద నుంచి బయటికొచ్చేవి బిరుదులూ, పతకాలూ, పదవుల కాగితాలూ. వాటి కోసం మరో గుంపు ఎగబడుతోంది.

ఈ బొమ్మను ఒక్కసారి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి చూస్తే ఒక రాజ్యం ఆర్థిక వ్యవస్థంతా కళ్లకు కడుతుంది. సొమ్ము ఎక్కడ పుట్టింది, ఎవరు మోశారు, ఎవరు మింగారు, మింగింది ఏ రూపంలో బయటికొచ్చింది, అది ఎవరికి అందింది. ఒక్క మెట్టు కూడా వదలకుండా చూపించాడు దోమియె. రాజు ఇంటి ఖర్చులకు ఏటా ఎంత సొమ్ము ఇవ్వాలన్న వివాదం నలుగుతున్న రోజులవి. ఏడాదికి 200 ఫ్రాంకుల ప్రత్యక్ష పన్ను కట్టగలిగినవాడికే ఓటు. అంటే గంప నింపేవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఆ లెక్క అడిగే హక్కే లేదు. ఆ హక్కు లేనివాళ్ల తరఫున ఆ బొమ్మ లెక్క అడిగింది.

‘మోరాన్స్’ చూడటానికి ఇంతకంటే తేలిక. కిక్కిరిసిన వేలంశాల. పీఠం మీద పాట నడిపించే పెద్దమనిషి. ఎదురుగా కొనుగోలుదారుల తలలు, భుజాలు. అందరి చూపులూ మళ్లిన చోట నగిషీ చట్రంలో ఒక పెద్ద కాన్వాసు. దాని మీద బొమ్మ ఏమీ లేదు. అడ్డదిడ్డమైన చేతిరాతలో ఒక వాక్యం మాత్రం ఉంది. ‘ఈ చెత్తను మీలాంటి మూర్ఖులు నిజంగానే కొంటున్నారంటే నమ్మలేకపోతున్నాను’ అన్నది దాని సారం. మనుషులు ఫోటోలో ఉన్నట్టే నలుపు తెలుపుల్లో, నిండుగా, గంభీరంగా ఉంటారు. రాత మాత్రం గోడ మీద హడావిడిగా గీకినట్టు ఉంటుంది. ఆ గంభీరమైన గది, ఈ గీకుడు రాత రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకోవడంలోనే నవ్వు పుడుతుంది.

ఆ గది కల్పితం కాదు. 1987 మార్చి 30న లండన్ క్రిస్టీస్ వేలంశాలలో విన్సెంట్ వాన్ గో ‘పొద్దుతిరుగుడు పూలు’ పాటకొచ్చినప్పటి ఫోటో దీనికి ఆధారమని వేలం సంస్థలే తమ పట్టికల్లో రాసుకుంటాయి. ఆ రోజు వాన్ గో పుట్టినరోజు. ఆ పూలను జపాన్‌కు చెందిన యసుదా బీమా సంస్థ 2.475 కోట్ల పౌండ్లకు పాడుకుంది. బతికుండగా బొమ్మలు అమ్ముడుపోక తమ్ముడు పంపిన డబ్బుతో నెట్టుకొచ్చిన చిత్రకారుడి పూలవి. బ్యాంక్సీ ఆ చట్రంలోంచి పూలను తీసేసి తిట్టును పెట్టాడు. చట్రంలో ఏముందన్నది ఆ గదికి అక్కర్లేదు, చట్రం ఉంటే చాలు, పాట సాగుతుంది అన్నది ఆ మార్పిడిలోని గట్టి మాట. ‘మోరాన్స్’ బలమంతా అక్కడే ఉంది.

అయితే రెంటినీ పోల్చి చూసినప్పుడు ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దోమియె డబ్బు దారి మొత్తం గీశాడు. బ్యాంక్సీ డబ్బు వచ్చి చేరే ఒక్క గదినే గీశాడు. ఆ గదిలోకి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చింది, అమ్మేదెవరు, మధ్యలో ఎవరి వాటా ఎంత, ఎవరి ప్రీమియం డబ్బుతో బీమా సంస్థ పూలు కొంటోంది అన్నవి బొమ్మ బయటే ఉండిపోయాయి. ‘గార్గాంచువా’ ఒక వ్యవస్థను విప్పి చూపింది. ‘మోరాన్స్’ ఒక అభిరుచిని తిట్టింది. తిట్టులో వేడి ఉంది, కానీ విప్పి చూపడంలో ఉన్న ప్రమాదం తిట్టులో లేదు. అధికారంలో ఉన్నవాడు తిట్టును సహించగలడు. తన లెక్కల పుస్తకం నడివీధిలో తెరిచి పెడితే సహించలేడు.

వీధికీ అచ్చుకూ ఉన్న చుట్టరికం

లిథోగ్రాఫ్ పద్ధతిని జర్మనీకి చెందిన అలోయిస్ సెనెఫెల్డర్ 18వ శతాబ్దం చివర్లో కనిపెట్టాడు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో నేరుగా గీస్తారు. రాయిని తడిపి సిరా రాస్తే, తడి ఉన్నచోట సిరా నిలవదు, జిడ్డు గీత ఉన్నచోట పట్టుకుంటుంది. రాగిరేకు మీద చెక్కే పనికి రోజులు పడితే దీనికి గంటలు చాలు. పొద్దున చర్చకొచ్చిన విషయం మీద రెండు మూడు రోజుల్లో బొమ్మ అంగట్లో ఉండొచ్చు. రాజకీయ వ్యంగ్యచిత్రం పత్రికారంగంలో భాగమైందంటే అందుకు ఆ రాయే కారణం.

‘గార్గాంచువా’ను వేలాడదీసింది పారిస్‌లోని వెరో-దొదా నడవలో ఉన్న ఓబేర్ దుకాణం కిటికీలో. ఆ దుకాణం నడిపినవాళ్లలో ప్రధానుడు షార్ల్ ఫిలిపోన్. 1830లో ‘లా కారికాచ్యూర్’ వారపత్రికనూ, 1832లో ‘ల షారివారి’ దినపత్రికనూ పెట్టినవాడు. ఆ కిటికీ ముందు జనం గుమిగూడి బొమ్మలు చూసి నవ్వుకోవడం పారిస్‌లో నిత్యం జరిగే సంగతి. ఆ గుంపునే బొమ్మగా గీసిన చిత్రకారులున్నారు. చందా కట్టలేనివాడికి, అక్షరం రానివాడికి కూడా ఆ అద్దం వెనక బొమ్మ అందేది. ఇవాళ వీధిచిత్రం చేసే పని అప్పట్లో ఆ కిటికీ చేసింది.

స్క్రీన్ ప్రింట్ మనకు కొత్తేమీ కాదు. తెలుగు ఊళ్లలో పెళ్లి శుభలేఖలు, దుకాణాల స్టిక్కర్లు, బ్యానర్లు ఏళ్ల తరబడి ఈ పద్ధతిలోనే అచ్చయ్యాయి. చట్రానికి బిగించిన సన్నటి జాలీ గుడ్డలో అక్కర్లేని చోట రంధ్రాలు మూసేసి, మిగిలిన చోటు నుంచి రంగును రబ్బరు బద్దతో లాగితే కింద కాగితం మీద బొమ్మ దిగుతుంది. బ్యాంక్సీ గోడల మీద వాడే స్టెన్సిల్ సూత్రమూ ఇదే. కత్తిరించిన అట్టను గోడకు ఆనించి స్ప్రే కొట్టడం, జాలీలోంచి రంగు లాగడం తోబుట్టువుల్లాంటి పనులు. గోడ మీది భాష ఏ మార్పూ లేకుండా కాగితం మీదికి దిగడానికి ఇదే కారణం.

గోడ అందరిదీ. దాన్ని ఎవరూ ఇంటికి పట్టుకుపోలేరని మొదట్లో అనుకునేవారు. కాగితం మాత్రం చేతులు మారుతుంది. ఆ తేడాలోంచే బ్యాంక్సీ సంత పుట్టింది. బ్యాంక్సీ ప్రింట్లు అమ్మిన ‘పిక్చర్స్ ఆన్ వాల్స్’ సంస్థ 2003లో మొదలైంది. వీధిచిత్రకారుల పనిని గ్యాలరీల జోక్యం లేకుండా, మామూలు జీతగాడు కొనగలిగే వెలకు అందించాలన్నది దాని ఆశయం. 2006 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ గిడ్డంగిలో మూడు రోజులు నడిచిన ‘బేర్లీ లీగల్’ ప్రదర్శన నాటికి హాలీవుడ్ తారలే వచ్చి చూసేంత పేరొచ్చింది. ‘మోరాన్స్’ ఆ ప్రదర్శన సందర్భంగా వెలువడిన ప్రింట్లలో ఒకటి.

ధర ఎక్కడ పుడుతుంది

2007 ఫిబ్రవరి 7న లండన్ సోదబీస్ వేలంశాలలో బ్యాంక్సీ ‘బాంబింగ్ మిడిల్ ఇంగ్లండ్’ లక్షా రెండు వేల పౌండ్లకు పైగా పలికింది. అప్పటికి అతని బొమ్మకు వేలంలో అదే అత్యధిక ధర. మర్నాడు కూడా అతని బొమ్మలు అంచనాలను దాటి అమ్ముడయ్యాయి. అదే రోజు బ్యాంక్సీ తన వెబ్‌సైట్లో ‘మోరాన్స్’ బొమ్మను పెట్టాడు. పాట పాడినవాళ్ల ముఖం మీద కొట్టినట్టే. మరి కొన్నవాళ్లు ఏం చేశారు? నవ్వారు, ఆ బొమ్మను కూడా కొన్నారు. ఆ తర్వాత అదే సోదబీస్, క్రిస్టీస్ తమ పట్టికల్లో ‘మోరాన్స్’ను చేర్చి అమ్మాయి. ఏ గదిని ఆ బొమ్మ ఎగతాళి చేసిందో ఆ గదిలోనే దానికి పాట పెట్టారు.

ఒక స్క్రీన్ ప్రింట్‌కు అంత ధర రావడానికి కొన్ని పనిముట్లు కావాలి. మొదటిది ప్రతుల సంఖ్యకు కట్టడి. జాలీ అరిగేదాకా వేల ప్రతులు తీయొచ్చు. కానీ తెల్ల కాగితం మీది ‘మోరాన్స్’లో సంతకం లేనివి 500, సంతకం ఉన్నవి 150 అని గీత గీశారు. ప్రతి కాగితం మూలనా పెన్సిల్‌తో దాని వరుస సంఖ్య రాస్తారు. రెండోది సంతకం. బొమ్మ అదే, సిరా అదే, కాగితం అదే. మూలన పెన్సిల్ సంతకం ఉంటే ధర ఎన్నో రెట్లు. మూడోది ధ్రువీకరణ. బ్యాంక్సీ ఎవరో అధికారికంగా ఎవరికీ తెలియదు కనుక నకిలీలకు చోటెక్కువ. అందుకే 2008లో ‘పెస్ట్ కంట్రోల్’ అనే కార్యాలయం ఏర్పడింది. ప్రింటు అసలుదని తేలితే వాళ్లిచ్చే కాగితానికి, రాణి బదులు డయానా బొమ్మతో బ్యాంక్సీ అచ్చేసిన ఉత్తుత్తి పది పౌండ్ల నోటులో ఒక చిరిగిన సగం కుట్టి ఉంటుంది. రెండో సగం కార్యాలయంలో ఉంటుంది. రెండూ అతికితేనే అసలు. అదే కార్యాలయం వీధి గోడల మీది బొమ్మలకు మాత్రం ఇలాంటి ధ్రువపత్రం ఇవ్వదు. గోడ నుంచి ఊడబీకి అమ్మేవాళ్లకు సాయపడకూడదన్నది అందులో ఉన్న నిజాయతీ. నాలుగోది కాగితం స్థితి. అంచులు కత్తిరించారా, ఎండకు వెలిసిందా, వెనక టేపు మరకలున్నాయా అని భూతద్దం పెట్టి చూస్తారు.

ఇవన్నీ బొమ్మ అర్థంతో నిమిత్తం లేని లెక్కలు. ‘మోరాన్స్’ స్థానంలో ఏ బొమ్మ ఉన్నా ఈ పట్టికే పనిచేస్తుంది. చట్రంలో ఏమున్నా ఒకటే అన్న బొమ్మ మాటను సంత ఇలా అక్షరాలా రుజువు చేసింది.

దోమియె కాలంలో ఈ పనిముట్లు లేవు. ప్రింటుకు పెన్సిల్ సంతకం, ప్రతుల కట్టడి వంటివి విస్లర్ వంటి చిత్రకారుల చేతుల్లో 1880ల నాటికి గానీ వాడుకలోకి రాలేదు. దోమియె పేరు రాయి మీదే ఉంటుంది, ప్రతి కాగితం మీదా ఒకేలా పడుతుంది. వెయ్యో ప్రతి మొదటి ప్రతి కంటే తక్కువదని ఎవరూ అనుకోలేదు. పని అయ్యాక రాయిని అరగదీసి మరో బొమ్మకు వాడేవాళ్లు. అతను సుమారు నాలుగు వేల లిథోగ్రాఫులు గీశాడు, అందులో ఎక్కువ భాగం పత్రిక కాగితం మీదే లోకంలోకి వెళ్లాయి. ఇవాళ సేకర్తలు ‘షారివారి’ పేజీ మీద, వెనక వార్తలతో ఉన్న ప్రతికి తక్కువ ధర కడతారు, వెనక ఖాళీగా ఉండే తెల్ల కాగితపు ప్రతికి ఎక్కువ కడతారు. జనం చదివి మడిచి పారేసిన ప్రతి కంటే జనం తాకని ప్రతికి విలువ ఎక్కువన్నమాట. సంతకం ఉన్న ‘మోరాన్స్’కూ లేని దానికీ ఉన్న తేడాలో పనిచేసే బుద్ధే ఇక్కడా పనిచేస్తోంది.

‘గార్గాంచువా’ అరుదుగా దొరకడానికి కారణం వేరు. కిటికీలో పెట్టిన కొద్ది రోజులకే పోలీసులు దాన్ని పట్టుకున్నారు. రాయినీ, దొరికిన ప్రతులనూ నాశనం చేయమని ఉత్తర్వు. 1832 ఫిబ్రవరిలో కోర్టు 24 ఏళ్లు ఇంకా నిండని దోమియెకు ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా విధించింది. మొదట్లో శిక్ష అమలు కాలేదు. అయినా అతను గీయడం ఆపలేదు. ఆగస్టు చివర్లో పట్టుకెళ్లి సెంట్-పెలాజీ జైల్లో పెట్టారు, తర్వాత కొంతకాలం ఒక మానసిక చికిత్సాలయంలో ఉంచారు, 1833 ఫిబ్రవరికి గానీ వదల్లేదు. ఒక బొమ్మకు ప్రతులు తక్కువ కావడానికి ఒకచోట పోలీసు ఉత్తర్వు కారణం, మరోచోట ప్రచురణకర్త నిర్ణయం కారణం. వేలం పట్టికలో రెంటికీ పేరు ఒకటే: అరుదైనది. ఒకటి భయపడ్డ ప్రభుత్వం చేసిన కొరత, మరొకటి ధర కోసం చేసిన కొరత. విమర్శకుడు ఆ రెంటినీ ఒక గాటన కట్టకూడదు.

దోమియె ప్రింట్లకు డబ్బుతో ఇంకో రకం సంబంధం కూడా ఉంది. ఫిలిపోన్ మీద జరిమానాలు పేరుకుపోతుంటే, వాటిని కట్టడానికి 1832లో అతను ఒక నెలవారీ చందా పథకం పెట్టాడు. చందాదారులకు నెలకొక పెద్ద లిథోగ్రాఫ్ వచ్చేది. 1834 దాకా అలా 24 ప్రింట్లు వచ్చాయి. చివరిది దోమియె గీసిన ‘ట్రాన్స్‌నొనేన్ వీధి, 1834 ఏప్రిల్ 15’. అల్లర్లు అణచడానికొచ్చిన సైనికులు ఒక ఇంట్లో దూరి చంపిన కుటుంబం అందులో ఉంది. మంచం పక్కన రాత్రి అంగీతో పడి ఉన్న మగమనిషి, అతని ఒంటి కింద నలిగిన పసిబిడ్డ, నీడలో తల్లి, అంచున ఒక ముసలాయన ముఖం. వెక్కిరింత మచ్చుకైనా లేదు. పోలీసులు ఆ ప్రతులనూ దొరికినన్ని లాక్కున్నారు. ఆ ప్రింటు కొన్నవాడు చెల్లించిన సొమ్ము మరో బొమ్మ గీసే స్వేచ్ఛకు చందా. కొనుగోలుదారుడు అక్కడ చిత్రకారుడి పక్షాన నిలబడ్డాడు. ధర, అర్థం ఒకే దిక్కుకు లాగిన అరుదైన సందర్భం అది.

రెండు దహనాలు

2021 మార్చిలో ‘మోరాన్స్’ చరిత్రలో ఒక సంఘటన జరిగింది. ఇంజెక్టివ్ ప్రోటోకాల్ అనే బ్లాక్‌చెయిన్ సంస్థ, న్యూయార్క్ గ్యాలరీలో 95,000 డాలర్లకు కొన్న ప్రతిని నిప్పంటించి కాల్చేసింది. 500 ప్రతుల్లో అది 325వది. కాల్చడాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపారు. తర్వాత ఆ బొమ్మ డిజిటల్ రూపాన్ని ఎన్‌ఎఫ్‌టీగా, అంటే బ్లాక్‌చెయిన్ మీద నమోదైన డిజిటల్ టోకెన్‌గా వేలం వేస్తే 228.69 ఈథర్లు అనే క్రిప్టో నాణేలు పలికింది. అప్పటి మారకం ప్రకారం సుమారు 3 లక్షల 80 వేల డాలర్లు. కాగితం ఉన్నంతకాలం విలువ కాగితాన్నే అంటిపెట్టుకుంటుందనీ, కాగితం లేకపోతే డిజిటల్ టోకెన్‌లోకి మారుతుందనీ వాళ్ల వాదన.

1831లో ప్రభుత్వం ‘గార్గాంచువా’ రాయిని పగలగొట్టమంది, ఆ బొమ్మ అర్థం జనంలోకి పాకుతుందని భయపడి. 2021లో కొనుగోలుదారుడు ‘మోరాన్స్’ను కాల్చాడు, ధర మరో రూపంలోకి పాకాలని ఆశపడి. మొదటివాడు బొమ్మను సరిగ్గా చదివాడు కనుకే నాశనం చేశాడు. రెండోవాడికి బొమ్మ చదవాల్సిన అవసరమే రాలేదు. ఒక వ్యంగ్య చిత్రానికి ఇంతకు మించిన అవమానం ఉండదు. తిట్టించుకున్నవాడు కోపగించుకుంటే తిట్టు బతికినట్టు. తిట్టును సరుకుగా లెక్కేసుకుని పక్కన పెడితే తిట్టు చచ్చినట్టే.

బ్యాంక్సీకి ఈ సంగతి తెలియదనుకోవడం పొరపాటు. 2013లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ దగ్గర ఒక ముసలాయనను కూర్చోబెట్టి, సంతకం చేసిన అసలు కాన్వాసులను 60 డాలర్ల చొప్పున అమ్మించాడు. రోజంతా వచ్చింది 420 డాలర్లు. పేరు, గ్యాలరీ, ధ్రువపత్రం లేకపోతే అదే బొమ్మ దగ్గర జనం ఆగరని ఆ బల్ల నిరూపించింది. 2018 అక్టోబరు 5న సోదబీస్‌లో ‘గర్ల్ విత్ బెలూన్’ పది లక్షల పౌండ్లకు పైగా పాట ముగిసిన క్షణంలోనే చట్రంలో దాచిన యంత్రంతో ముక్కలయ్యేలా చేశాడు. సగం ముక్కలైన ఆ కాగితం ‘లవ్ ఈజ్ ఇన్ ద బిన్’ అన్న కొత్త పేరుతో 2021 అక్టోబరులో అదే చోట 1.858 కోట్ల పౌండ్లు పలికింది. అంటే ఏం చేసినా సంత దాన్ని తన లాభంలో కలుపుకుంది. ‘పిక్చర్స్ ఆన్ వాల్స్’ మూతపడ్డప్పుడు నిర్వాహకులు రాసిన వీడ్కోలు మాటల్లోనూ ఇదే బాధ ఉంది. తమ చిత్రకారులకు పేరు రావడమే తమకు కీడైందనీ, అమ్మిన బొమ్మలు చేతులు మారే సరుకులైపోయాయనీ వాళ్లు చెప్పుకున్నారు.

ఆక్షేపణలు, తీర్పు

ఇక్కడ న్యాయంగా ఒక ఆక్షేపణ తీసుకోవాలి. దోమియెకు రాజు ఒకడు దొరికాడు, ముఖం ఉన్న శత్రువు. బ్యాంక్సీకి ఎదురైంది ముఖం లేని సంత. దాన్ని రాజులా గీయడం సాధ్యమా? ఈ ఆక్షేపణలో నిజముంది. ఇంకా చెప్పాలంటే, ‘మోరాన్స్’ ఖరీదు పెరిగినకొద్దీ దాని మాట నిజమవుతూ వచ్చింది. 95,000 డాలర్ల చీటీ తగిలించిన రోజున ఆ బొమ్మ అర్థం మరింత నిండింది. సంత తనకు తెలియకుండానే ఆ బొమ్మకు చివరి గీత గీసింది. ఇంత సూక్ష్మంగా తన కాలాన్ని పట్టిన ప్రింటు మరొకటి చూపడం కష్టం.

కానీ ఆ గొప్పతనమే దాని హద్దు కూడా. ధర లేకపోతే ‘మోరాన్స్’ మాట నిలవదు. ఎవరూ కొనకుండా ఉంటే ఆ వాక్యం అబద్ధమవుతుంది. తన అర్థం కోసం తాను తిట్టినవాడి జేబు మీదే ఆధారపడ్డ బొమ్మ అది. పైగా ‘మీరు’ అని అది వేలెత్తి చూపినప్పుడు ప్రతి కొనుగోలుదారుడూ ఆ వేలు పక్కవాడి మీదికి మళ్లించుకోగలడు. నేను తెలివైనవాణ్ని, నాకు చమత్కారం అర్థమైంది, అందుకే కొన్నాను అనుకుంటాడు. గోడకు తగిలించిన ఆ తిట్టు అతని సరసత్వానికి సాక్ష్యమవుతుంది. లూయీ ఫిలిప్‌కు అలాంటి తప్పించుకునే దారి దోమియె వదల్లేదు. ఆ బేరిపండు తల ఎవరిదో పారిస్‌లో పసిపిల్లాడికీ తెలుసు.

‘గార్గాంచువా’కు ధర అక్కర్లేదు. పాడైన ప్రతి చూసినా, పుస్తకంలో నకలు చూసినా ఆ గంపలు పైకెక్కుతూనే ఉంటాయి. లూయీ ఫిలిప్ ఎవరో తెలియని తెలుగు పాఠకుడు కూడా చిరుగుబట్టల జనాన్నీ, వాలిన బల్లనూ, కింద రాలే పతకాలనూ చూసి తన కాలంలోని పన్నులనూ పదవులనూ గుర్తుపట్టగలడు. దాని అర్థం ఎవరి కొనుగోలు మీదా ఆధారపడలేదు. దానికి కట్టిన మూల్యం గీసినవాడి ఆరు నెలల బతుకు. అందుకే ఈ రెంటిలో పెద్ద కళాకృతి ఏదంటే ‘గార్గాంచువా’ అనే చెబుతాను. చూపులోని నిండుదనం వల్ల, తెగువ వల్ల, కాలాన్ని దాటిన అర్థం వల్ల.

ఈ తీర్పు బ్యాంక్సీ మొత్తం మీద తీర్పు కాదు. అతని గోడలకు ఇప్పటికీ ఆ పాత పదును ఉంది. 2025 సెప్టెంబరులో లండన్ రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్ భవనం గోడ మీద, విగ్గు గౌనుతో ఉన్న న్యాయమూర్తి కింద పడ్డ నిరసనకారుణ్ని సుత్తితో కొడుతున్న బొమ్మ వెలిసింది. అధికారులు వెంటనే దాన్ని కప్పేశారు, తర్వాత గీకి తుడిచేశారు. పోలీసులు ఆస్తి నష్టం ఫిర్యాదుపై దర్యాప్తు మొదలుపెట్టారు. ఆ బొమ్మకు వరుస సంఖ్య లేదు, ధ్రువపత్రం లేదు, దాన్ని వేలంలో పెట్టేవాడు లేడు. ప్రభుత్వం మాత్రం దాన్ని చదివింది. ‘గార్గాంచువా’ వారసత్వం అతని ప్రింట్లలో కాదు, ఆ తుడిచిన గోడలో ఉంది.

అధికారం వ్యంగ్యాన్ని అణచడానికి రెండు దారులు పట్టింది. 19వ శతాబ్దపు రాజు లాక్కున్నాడు, జైల్లో పెట్టాడు, 1835లో బొమ్మల మీద ముందస్తు సెన్సారు చట్టమే తెచ్చాడు. అయినా ఆ బొమ్మలు బతికాయి, ఆ రాజు 1848లో సింహాసనం వదిలి ఇంగ్లండ్‌కు పారిపోయాడు. నేటి సంత లాక్కోదు, కొంటుంది. చప్పట్లు కొట్టి, చట్రం కట్టి, బీమా చేయించి, ఉష్ణోగ్రత అదుపులో ఉంచిన గదిలో భద్రపరుస్తుంది. లాక్కున్న బొమ్మను దాచి కాపాడుకోవాలనే పంతం జనంలో పుడుతుంది. కొనేసిన బొమ్మ విషయంలో ఆ పంతం పుట్టదు. కనుక ఈ రెండో దారే వ్యంగ్యానికి ఎక్కువ ప్రమాదకరం.

ఒక వ్యంగ్య ముద్రణకు పెద్ద ధర వచ్చిందన్న వార్త చదివినప్పుడు ఎవరు కొన్నారు అని అడగడంతో ఆగకూడదు. అది ఎవరి గురించి గీసిన బొమ్మ, కొన్నవాడు ఆ బొమ్మలో ఉన్నాడా, ఉంటే దాని వల్ల అతను పోగొట్టుకున్నది ఏమైనా ఉందా అని అడగాలి. ఏమీ పోగొట్టుకోకపోతే ఆ ధర బొమ్మ అర్థానికి దక్కిన గౌరవం కాదు, ఆ అర్థాన్ని నోరెత్తకుండా చేయడానికి చెల్లించిన సొమ్ము. చిత్రకారులూ సేకర్తలూ విమర్శకులూ ఈ తేడాను గుర్తుపెట్టుకున్నంత కాలం, గోడ మీదైనా కాగితం మీదైనా వ్యంగ్యానికి మళ్లీ పదును పెట్టుకునే అవకాశం ఉంటుంది.